పసివారికి హక్కులు చెప్పవచ్చునా?



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము వినుటకు చిన్నది, విచారించినకొలది పెద్దది. ఐదాఱేండ్ల ప్రాయము మొదలు పండ్రెండేండ్ల ప్రాయము వఱకు గల పసివారికి, ఈ దేశమున వారికి గల హక్కులను గూర్చియు, వారి మనస్సులలో మొలకెత్తు కలలను గూర్చియు మనము చెప్పవచ్చునా? చెప్పవచ్చునేని ఏ రీతిగా చెప్పవలయును? ఇదియే నేటి ప్రసంగవిషయము.

మా లేపాక్షిలో రచ్చబండ కడ నేనీ ప్రస్తావన తెచ్చినప్పుడెల్ల పెద్దలు చిఱునవ్వు నవ్వి, "అయ్యవారూ, వాళ్లకు ముందు నాలుగక్షరాలు రానీయండి. ఇప్పుడే హక్కులంటే రేపు తల్లిదండ్రులకే ఎదురు తిరుగుతారు" అని చెప్పుచుందురు. ఈ శంకను నేను తేలికగా త్రోసివేయువాడను గాను. పెక్కేండ్లు నేనును అట్లే తలచితిని. చెప్పువాడు చెప్పవలయును, వినువాడు వినవలయును, నడుమ బాలుని ప్రశ్నకు చోటు లేదని నమ్మి చాలకాలము పాఠములు చెప్పితిని. ఆ నమ్మకము ఎట్లు సడలెనో చెప్పినచో మీ శంకకు కొంత సమాధానము దొరకవచ్చును.

ముందుగా పదముల యర్థమును విచారింతము. 'హక్కు' అనునది అరబ్బీ భాషనుండి పారసీక, హిందుస్తానీల మార్గమున మనకు వచ్చిన శబ్దము. ఆ భాషలో దానికి సత్యమనియు, న్యాయముగా ఒకనికి చెందవలసినదనియు రెండర్థములు కలవు. కచ్చేరీ వ్యవహారములవలన అది మనకు పరిచితమైనది గావున, హక్కు అనగానే మనకు పొలముగట్టు తగవు జ్ఞప్తికి వచ్చును. గట్టు నాదని ఒకడు గెలిచిన, రెండవవాడు ఓడును. పిల్లలకు హక్కులు చెప్పినచో తగవులు పెరుగునని మనము భయపడుటకు ఈ తలంపే కారణము. కాని పౌరహక్కు అట్టిది కాదు. నా మాట వినబడవలయునను హక్కు నాకున్నంతమాత్రమున నీ మాట తగ్గిపోదు. నేను బడికి పోవుటవలన నీ కుమారునికి చదువు తఱుగదు. పొలము పంచినకొలది చిన్నదగును. పౌరహక్కు పంచినకొలది గట్టిపడును. "నాకు కలిగినది తోటివానికిని కలదు" అనునదే దీని మూలసూత్రము. ఈ సూత్రములో ఎదిరింపు లేదు, సమత్వము కలదు.

ఇక నా యనుభవమును విన్నవించెదను. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న మా వీరభద్రస్వామి దేవాలయము మీరెల్లరు ఎఱిగినదే. విజయనగర ప్రభువులలో 1529 మొదలు 1542 వఱకు రాజ్యమేలిన అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండ సీమయందు అధికారులుగా నుండిన విరుపణ్ణ, వీరణ్ణ అను సోదరులు దానిని కట్టించిరి. అందు కల్యాణమండపము నేటికిని అసంపూర్తిగా నున్నది. దానిని గూర్చి ఒక కథ జనుల నోట వినబడుచుండును. విరుపణ్ణ రాజు సొమ్మును అనుమతి లేక గుడికి వెచ్చించెనని కొండెములు పుట్టెననియు, రాజు కోపించి ఆయన కన్నులు తీయింప నుత్తరు విచ్చెననియు, అది విని విరుపణ్ణ తన కన్నులను తానే పెఱికి గోడపై విసరెననియు చెప్పుదురు. గోడపై ఎఱ్ఱని మచ్చలను చూపి, అవియే ఆ నెత్తుటి గుర్తులందురు. ఇది జనశ్రుతియే గాని చరిత్ర యని నేను చెప్పను.

సుమారు ముప్పదియైదేండ్ల క్రిందట, నాలుగవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని ఆ గోడ కడకు పోయి ఈ కథను చెప్పితిని. రాజభక్తిని, ఆత్మాభిమానమును బోధింపవలయునని నా యుద్దేశము. కథ ముగియగానే ఒక చిన్నబాలిక, "అయ్యవారూ, రాజు ఆయప్పను పిలిచి అడగలేదా?" అనెను. "ఏమని అడుగుట?" అంటిని. "నువ్వు ఆ దుడ్డు ఏం చేసినావని" అని ఆ బిడ్డ చెప్పెను.

నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఏలయన, ఆ గుంపులోనే గొఱ్ఱెల కాపరి కుమారుడొకడు నిలిచియుండెను. మూడు దినముల ముందు, తరగతిలో ఒక పిల్లవాని రుసుము సొమ్ము కనబడకపోగా, అంతకుముందు వాడు ఆ బల్ల దగ్గఱ కూర్చున్నాడని ఎవరో చెప్పినంతనే, నేను వానిని ఒక్క మాటయు నడుగక బెత్తముతో కొట్టితిని. ఆ సొమ్ము మఱునాడు పోగొట్టుకొన్నవాని యింటనే, పుస్తకముల నడుమ దొరకెను. నేను ఆ సంగతి విని యూరకుంటిని. పెద్దవాడు పసివానిని క్షమాపణము వేడుట పదవికి తక్కువ యని తలచితిని. ఇప్పుడు ఆ బాలుడు నా వంక చూడలేదు. గోడ వంక చూచుచుండెను.

మఱునాడు తరగతి ఎదుట వాని తప్పేమియు లేదనియు, తప్పు నాదేననియు చెప్పితిని. నా యధికారము పోవునేమోయని గుండె కొట్టుకొనెను. అధికారము పోలేదు. ఆ బాలుడు మాత్రము తల వంచుకొని, "నన్ను అడిగింటే చెప్పేవాణ్ణి కదా, అయ్యవారూ" అనెను. నేను చదివిన శాస్త్రములన్నియు ఆ యొక్క మాటలో నిమిడినట్లు నాకు తోచెను. మన తర్కమునగాని మీమాంసయందుగాని పూర్వపక్షమును చెప్పక సిద్ధాంతమును స్థాపించు పద్ధతి లేదు గదా! గ్రంథములో ఎదుటివాని వాదమును అంత శ్రద్ధగా వినిపించు మనము, ఎదుట నిలిచిన పసివాని మాటను వినకపోవుట ఎంత వింత!

నాటినుండి నాకొక సంగతి స్పష్టమైనది. న్యాయబుద్ధిని మనము పిల్లలకు క్రొత్తగా పోయనక్కఱలేదు. "ఇది అన్యాయము" అను మాట మూడేండ్ల శిశువునకును తెలియును. ఇద్దఱికి బెల్లముముక్క పంచి చూడుడు. ఆ బుద్ధి మొదట "నాకు తక్కువ వచ్చెను" అనునంతవఱకే యుండును. దానిని "వానికి తక్కువ వచ్చెను" అనునంతవఱకు పెంచుటయే హక్కుల చదువు.

ఈ చదువునకు మా యూరి దేవాలయమే ఒక పాఠ్యపుస్తకమని చెప్పవచ్చును. నాట్యమండపపు పైకప్పున విజయనగర కాలపు వర్ణచిత్రములలో మనునీతి చోళుని కథ కలదు. చోళరాజు తన నగరి వాకిట ఒక గంటను కట్టించి, ఆపద కలిగిన యెవ్వరైనను దానిని మ్రోగింపవచ్చునని చాటించెను. ఒకనాడు యువరాజు రథచక్రము క్రింద పడి ఒక లేగదూడ చచ్చెను. తల్లి యావు వచ్చి కొమ్ములతో గంటను లాగెను. రాజు తానే వాకిటికి వచ్చి, విచారించి, తన కుమారునకు అదే శిక్ష విధించెను. పిదప శివుని యనుగ్రహమున యువరాజును, దూడయు బ్రదికిరని కథ.

ఈ బొమ్మ క్రింద పిల్లలను కూర్చుండబెట్టి నేను అడుగుచు వచ్చిన ప్రశ్నలివి. గంట రాణివాసములో కట్టక వాకిట నేల కట్టించెను? భటుని పంపక రాజే యేల వచ్చెను? తన కుమారుడని యేల విడువలేదు? ఈ మూడింటికి పిల్లలు తమంత తామే సమాధానములు చెప్పుదురు. నాలుగవ ప్రశ్న, గంట త్రాడు ఎంత పొడవుండవలయును అనునది. "ఆవుకు అందేంత" అని పెక్కురు చెప్పుదురు. ఒకమాఱు ఒక పిల్లవాడు ఆలోచించి, "దూడకు కూడా అందాల. అప్పుడైతే చావకముందే వచ్చి చెప్పుకుంటుంది" అనెను. పెద్దలారా, రాజ్యాంగశాస్త్రమంతయు చదివినను ఇంతకంటె చక్కగా చెప్పలేము. హక్కు ఉన్నంతమాత్రమున చాలదు. దాని త్రాడు పొట్టివాని చేతికిని అందవలయును.

ఇక నేటి గంట యేది? త్రాడేది? అదియు మనము తెలిసికొనవలయును. మన రాజ్యాంగము 1949వ సంవత్సరము నవంబరు 26వ తేదీన అంగీకరింపబడి, 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చెను. దానిని రచించిన సభ ఎక్కడనో ఢిల్లీలో కూర్చుండినది నిజమే గాని, అందు మనవారును ఉండిరి. మా హిందూపురపు సీమకు చెందిన స్వాతంత్ర్యయోధులు కల్లూరు సుబ్బారావుగారు అందు సభ్యులు. అనంతపురము జిల్లా ఇల్లూరున జన్మించి, పిదప 1977 నుండి 1982 వఱకు రాష్ట్రపతిగా నుండిన నీలం సంజీవరెడ్డిగారును సభ్యులే. రాజమహేంద్రవరపు ఆడుపడుచు దుర్గాబాయిగారును సభ్యురాలు. కాబట్టి రాజ్యాంగము పరాయివారు మనకిచ్చిన కాగితము కాదని పిల్లలకు చెప్పవచ్చును.

అందలి ముఖ్యాంశములను పసివారి భాషలోనే యిట్లు చెప్పవచ్చును. చట్టము ఎదుట అందఱు సమానులు. ఇది 14వ అధికరణము. మతము, కులము, స్త్రీ పురుష భేదము, పుట్టిన చోటు అను కారణములచే ప్రభుత్వము ఎవ్వరియెడలను వివక్ష చూపరాదు, బావులు, చెఱువులు, అంగళ్లు మొదలగు చోట్లకు పోనీయక ఎవ్వరిని అడ్డగింపరాదు, ఇది 15వది. అంటరానితనము రద్దయినది, దానిని పాటించుట నేరము; ఇది 17వది. పదునాలుగేండ్లలోపు బిడ్డను కర్మాగారములోగాని, గనిలోగాని, ప్రమాదకరమైన పనిలోగాని పెట్టరాదు, ఇది 24వది. ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్ల వఱకు ఉచితముగా నిర్బంధవిద్య గఱపుట ప్రభుత్వపు విధి. ఇది 2002లో చేర్చబడిన 21-ఏ అధికరణము. దీనిని నడపు విద్యాహక్కు చట్టము 2009లో చేయబడి, 2010 ఏప్రిలు 1 నుండి అమలగుచున్నది. ఆ చట్టమునందే 17వ విభాగము బడిలో బిడ్డను కొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను నిషేధించుచున్నది. ఆ విభాగమును మొదటిసారి చదివినప్పుడు నాకు గొఱ్ఱెల కాపరి కుమారుడే జ్ఞప్తికి వచ్చెను.

ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న బాలల హక్కుల ఒడంబడికను అంగీకరించెను. మన దేశము 1992 డిసెంబరులో అందు చేరెను. అందలి 12వ అధికరణము, బిడ్డకు సంబంధించిన విషయములలో బిడ్డ యభిప్రాయమును వినవలయుననియు, వాని వయస్సునకును పరిపక్వతకును తగిన విలువ నీయవలయుననియు చెప్పుచున్నది. గోడ కడ ఆ బాలిక అడిగినది ఇదే గదా!

ఇంతవఱకు హక్కులను గూర్చి చెప్పితిని. ఇక కలలను గూర్చి. తెలుగులో 'కల' యనగా స్వప్నము. 'కల' యనగా ఉన్నట్టిదనియు నర్థము. ఈ రెండర్థముల నడుమనున్న దూరమును దాటుటయే మనుష్యుని ప్రయత్నము. హక్కు లేని కల తీరము లేని యేఱు. కల లేని హక్కు నీరు లేని కాలువ. ఒకదానితో నొకటి చేరినప్పుడే పైరు పండును.

దీనికి దుర్గాబాయిగారి బాల్యము మంచి దృష్టాంతము. ఆమె 1909లో జన్మించెను. నాటి యాచారము ననుసరించి ఎనిమిదేండ్లకే ఆమెకు వివాహము చేసిరి. పెరిగి బుద్ధి తెలిసిన పిదప ఆ బంధమును ఆమె యొల్లకపోయెను. చిన్నతనముననే రాజమహేంద్రవరమున బాలికలకు హిందీ పాఠశాల నడిపెను. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలు జరిగినప్పుడు, పదునాలుగేండ్ల యా బాలిక ఖద్దరు ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛంద సేవికగా నుండెను. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూగారిని ఆమె లోనికి పోనీయలేదు. టిక్కెట్టు తెచ్చినపిదపనే విడిచెను. ఆయన కోపింపక ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. ఆ బాలికయే పెరిగి 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను, రాజ్యాంగసభలో కూర్చుండెను. పెద్దవానికిని చిన్నవానికిని నియమమొక్కటే యని వాకిట నిలిచి చెప్పిన బిడ్డ, దేశమునకంతకు ఆ మాటను వ్రాసిన వారిలో నొకతె యయ్యెను. ఆమెను నాడు ఎవరైన గద్దించి వాకిటనుండి తఱిమియుండినచో ఏమగునో యోచింపుడు.

అంబేద్కరుగారి బాల్యమును గూర్చియు పిల్లలకు చెప్పవలయును. బడిలో ఆయన తోటివారితో కలిసి కూర్చుండరాదు. ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టపై ఒక మూల కూర్చుండవలయును. దాహమైనచో తాను కొళాయిని తాకరాదు. బడి జవాను వచ్చి త్రిప్పవలయును. జవాను లేనినాడు నీరును లేదు. ఈ కథ చెప్పునప్పుడు పిల్లలు తప్పక "ఎందుకు?" అని యడుగుదురు. తొందరపడి వారి నోరు మూయింపకుడు. ఆ 'ఎందుకు'కు మన యొద్ద మంచి సమాధానము లేదని యొప్పుకొనుటయే మంచి సమాధానము. ఆ గోనెపట్టపై కూర్చుండిన బాలుడే రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడయ్యెనని ముగించినచో, పిల్లల ముఖములు వికసించుట మీరే చూతురు.

ఇట్టి బాధ మన దేశముననే కాదు. అమెరికాలో నల్లజాతి బిడ్డలకు వేఱు బడులు, వేఱు నీటికొళాయిలు ఉండెడివి. 1960 నవంబరు 14న న్యూ ఆర్లియన్సు నగరమున రూబీ బ్రిడ్జెస్ అను ఆఱేండ్ల బాలిక, అంతవఱకు తెల్లవారికి మాత్రమే యున్న బడికి మొదటిసారి పోయెను. వీథిలో జనులు గుమిగూడి కేకలు వేయుచుండగా, ప్రభుత్వపు అధికారులు నలుగురు ఆమెకు కాపుగా నడిచిరి. తెల్లవారు తమ బిడ్డలను తరగతినుండి తీసికొనిపోయిరి. బార్బరా హెన్రీ యను ఉపాధ్యాయిని ఒక్కతె, ఏడాది పొడుగున ఆ యొక్క బిడ్డకే పాఠములు చెప్పెను. 1963 ఆగస్టు 28న వాషింగ్టను నగరమున మార్టిన్ లూథర్ కింగ్‌గారు లక్షలమంది యెదుట తన కలను గూర్చి చెప్పిరి; తన నలుగురు బిడ్డలను ఒంటి రంగునుబట్టి గాక గుణమునుబట్టి యెంచు దినము రావలయుననునది అందొకటి. ఆయన 1959లో మన దేశమునకు వచ్చినప్పుడు, తిరువనంతపురమున హరిజన బాలలు చదువు బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుండి వచ్చిన అంటరానివాడని పరిచయము చేసెనట. మొదట ఆ మాటకు మనసు నొచ్చినను, పిదప అది నిజమేయని తాను గ్రహించినట్లు ఆయనయే తరువాత చెప్పెను. సముద్రముల కావల నున్న దుఃఖమును ఇక్కడి దుఃఖమును ఒక్కటేయని పసిపిల్లల బడియందే ఆయనకు తెలిసివచ్చెను.

మన సీమ పిల్లల కలలెట్టివి? అడిగి చూచినగాని తెలియదు. అడుగుటయు నొక విద్యయే. "నీవు పెద్దయి ఏమగుదువు?" అని నలుగురిలో నడిగినచో, బిడ్డ తండ్రి ముఖమును చూచి "డాక్టరు", "కలెక్టరు" అనును. అది బిడ్డ కల కాదు, ఇంటివారి కల. "నీకు ఏ పని చేయునప్పుడు ప్రొద్దు తెలియదు? మన యూరిలో ఏది మాఱవలయునని నీకు తోచును?" అని యొంటరిగా, తొందర లేక అడుగుడు. అప్పుడు ఒక బాలిక తమ వీథికి కొళాయి రావలయుననును. ఒకడు బస్సు నడుపుదుననును. ధర్మవరమున మగ్గపు గుంట ప్రక్కనే పెరిగిన బిడ్డ, పట్టుచీర అంచునకు తానే క్రొత్త బుటా గీయవలయునని కోరవచ్చును. అదే ధర్మవరము చేరువ నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబములు కలవు. ఆ గ్రామపు కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. కావున కల యనగా ఊరు విడిచి పోవుటయే యని తలపరాదు. తాత పనిని తాను ఇష్టపడి చేపట్టుటయు కలయే. ఇష్టము లేక దానికి కట్టుపడుట మాత్రము కల కాదు. ఎన్నుకొను స్వేచ్ఛయే యిక్కడ ముఖ్యము.

కలను చెప్పిన బిడ్డను చూచి నవ్వకుడు. "మన తాహతుకు అది తగదు" అనకుడు. కల నెఱవేరునని మాట యీయనక్కఱలేదు. "దానికి ఏమేమి కావలయునో చూతము" అన్న చాలును. దారి వెదకునప్పుడే హక్కు పనికివచ్చును.

ఇది కష్టమైన పని యని నే నెఱుగుదును. మన సీమలో వానలు తప్పిన యేడు వేరుసెనగ పండదు. తల్లిదండ్రులు బెంగుళూరికి కూలికి పోవుదురు; బిడ్డ వారి వెంటనైన పోవును, లేక తమ్ముని చూచుకొనుచు ఇంటనైన నిలుచును. కాయ పీకు దినములలో బడి సగము ఖాళీ. "కడుపు నిండనిది కలలేమిటి?" అని మీరడుగవచ్చును. దీనికి తెలుగునాటనే సమాధానము కలదు. 1981లో స్థాపింపబడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను, శాంతాసిన్హాగారి నాయకత్వమున, 1991 మొదలు రంగారెడ్డి జిల్లా గ్రామములలో పనిపిల్లలను బడికి చేర్చు యుద్యమమును నడిపెను. బడిలో లేని ప్రతి బిడ్డయు పనిపిల్ల యేయని వారి సిద్ధాంతము. వెనుకబడిన పిల్లలను కొన్ని నెలలు శిబిరములలో నుంచి చదువు చెప్పి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చిరి. ఆ తల్లిదండ్రులు ధనవంతులు కారు, పేదలే. పేదవాడును బిడ్డ చదువునకై త్యాగము చేయుననియు, ఊరివారు, పంచాయతీ ఒక్కటైనచో పని సాగుననియు అక్కడ తేలెను. శాంతాసిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే బహుమానము వచ్చెను.

ఇక బోధించు క్రమమును సంక్షేపముగా చెప్పెదను. ఐదు మొదలు ఏడేండ్ల వారికి చట్టముల పేరెత్తనక్కఱలేదు. వంతు, వాటా, నిజము అను మూడు మాటలు చాలును. ఊయల ఎక్కుటకు వంతు; పండు పంచుటలో వాటా; తగవు వచ్చినప్పుడు ఇరువురి మాటయు విని నిజము తెలిసికొనుట. ఎనిమిది మొదలు పదేండ్ల వారికి కథలు చెప్పి, ప్రశ్నలు వేసి, తీర్పు వారినే చెప్పనీయవలయును. పదునొకండేండ్లు దాటినవారికి పంచాయతీ కార్యాలయమును, తపాలా కచ్చేరీని, ఆసుపత్రిని చూపి, అర్జీ వ్రాయుట నేర్పవలయును. వీథిదీపము వెలుగుటలేదని పిల్లలే సర్పంచునకు జాబు వ్రాసి, దీపము వెలిగినచో, ఆ బిడ్డలకు ప్రజాప్రభుత్వమును గూర్చి వేఱే పాఠ మక్కఱలేదు. వెలుగనిచో, మఱల ఎట్లు వ్రాయవలయునో చెప్పుట రెండవ పాఠము. బడిలోని మధ్యాహ్న భోజనపు పంక్తి అన్నిటికంటె పెద్ద పాఠము. ఆ పంక్తిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో, నీళ్లబిందెను ఎవరు ముంచుచున్నారో చూచినచో, ఊరు చెప్పని సంగతులన్నియు తెలియును.

మఱియొక్క మాట యున్నది. తనను ఎవరైన హింసించినను, తాకరాని రీతిగా తాకినను, నమ్మకమైన పెద్దవారితో చెప్పవలయునని ప్రతి బిడ్డకును చిన్ననాడే చెప్పవలయును. వినువారు లేనిచో 1098 అను అంకెకు టెలిఫోను చేయవచ్చునని నేర్పవలయును. గంట త్రాడు దూడకును అందవలయునన్న పిల్లవాని మాట యిక్కడ స్మరింపదగినది.

ఇప్పుడు మొదటి శంకకు వత్తము. హక్కు లెఱిగిన బిడ్డ పెద్దలను ధిక్కరించునా? కఠోపనిషత్తులో నచికేతుడు బాలుడే. తండ్రి పాలెండిన గోవులను దానమిచ్చుచుండగా, అది తగదని తోచి, నన్నెవరికిచ్చెదవని మూడుమాఱు లడిగెను. తండ్రి కోపించి యమునకిచ్చితిననెను. యముడు మెచ్చి మూడు వరము లీయగా, ఆ బాలుడు మొట్టమొదట కోరినదేమి? తన తండ్రి కోపము చల్లారవలయుననియే. ప్రశ్నించినవాడే తండ్రి శాంతిని మొదట కోరెను. అడుగనీయని యింటిలో బిడ్డకు భయముండును. అడుగనిచ్చిన యింటిలో గౌరవముండును. భయము మీసములు రాగానే పోవును. గౌరవము మనము పోయిన పిదపను నిలుచును.

తుదకు పెద్దలను నాలుగు విషయములు వేడుకొనుచున్నాను. ఒకటి, ఊరిలో బిడ్డపై నేరము మోపబడినప్పుడు ముందు ఆ బిడ్డ మాట వినుడు. రెండు, కాయ పీకు దినములలోను బిడ్డను బడి మాన్పింపకుడు. మూడు, గుడి వద్దను, నీటి వద్దను, పంక్తియందును పిల్లలను విడదీయకుడు. వారు తమంత తాము విడిపోరు. నాలుగు, పదునెనిమిదేండ్లు నిండని బాలికకును, ఇరువదియొకటి నిండని బాలునకును పెండ్లి తలపెట్టినచో ఆపుడు. 2006 నాటి చట్టము చేసినవారినే గాక, ప్రోత్సహించినవారిని, పందిటిలో కూర్చుండినవారిని కూడ శిక్షించును. రెండేండ్ల వఱకు కఠినకారాగారమును, లక్ష రూపాయల వఱకు జరిమానాయు పడవచ్చును. శిక్షకు వెఱచి కాదు, ఆ బాలిక కల యేమో యెవ్వరును అడుగలేదను లజ్జచేత ఆపవలయునని నా మనవి.

మా లేపాక్షి బసవన్న మెడలో శిల్పి చక్కని గంటలు చెక్కెను. అవి రాతి గంటలు గావున మ్రోగవు. పైకప్పున చోళుని గంట రంగుల గంట, అదియు మ్రోగదు. మ్రోగెడి గంట మన యిండ్లలోనే కలదు. అది పసివాని ప్రశ్న. అది మ్రోగినప్పుడు చోళరాజువలె లేచి వాకిటికి వచ్చుట మన వంతు.